యంత్రం రాకముందు కొలిచిన నేల

జపాన్‌లో గిఫు ప్రిఫెక్చర్‌లో టోకి అని ఒక చిన్న పట్టణం ఉంది. మినో పింగాణీకి పేరున్న ప్రాంతం అది. అక్కడి జాతీయ ఫ్యూజన్ విజ్ఞాన సంస్థలో ఉన్న పెద్ద యంత్రాన్ని లార్జ్ హెలికల్ డివైస్ అంటారు, క్లుప్తంగా ఎల్‌హెచ్‌డి. అందులో మొదటి ప్లాస్మా వెలిగింది 1998 మార్చి 31న. తర్వాత పంతొమ్మిదేళ్ళు ముఖ్యంగా మామూలు హైడ్రోజన్, హీలియంతోనే నడిపారు. 2017 మార్చిలో డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ నింపారు. న్యూట్రాన్లు, ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ చెప్పుకోదగినంతగా పుట్టడం అప్పుడే మొదలైంది. ఆవరణ సరిహద్దులో రేడియేషన్ కొలవడం మాత్రం మొదటి ప్లాస్మాకు ముందే మొదలుపెట్టారు.

ఈ ముందస్తు కొలత విషయంలో మా ఇంట్లో ఇద్దరికి అస్సలు పడదు. మా శారద వదిన అణు కేంద్రాల చుట్టుపక్కల నేలనీ నీటినీ గాలినీ పరీక్షించే ప్రయోగశాలలో పనిచేసి రిటైరైంది. మా తమ్ముడు భాస్కర్ శ్రీకాకుళంలో వకీలు. కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం కోసం భూములిచ్చిన కుటుంబాల కాగితాలు చూస్తుంటాడు. ఇద్దరి వాదననూ వీలైనంతవరకు వాళ్ళ మాటల్లోనే ఇస్తున్నాను. నాకు చెప్పాలనిపించింది కుండలీకరణాల్లో పెట్టాను.

భాస్కర్: వదినా, సూటిగా అడుగుతాను. యంత్రమే లేనప్పుడు కొలవడానికి రేడియేషన్ ఎక్కడిది? ఏళ్ళ తరబడి ఖాళీ స్థలం చుట్టూ మీటర్లు పెట్టడం, మేమెంత జాగ్రత్తపరులమో చూడండి అని ఊరివాళ్ళను ఒప్పించడానికి కాదూ?

శారద: రేడియేషన్ లేని ఖాళీ స్థలం ఎక్కడా ఉండదు భాస్కర్. టోకి చుట్టుపక్కలదంతా గ్రానైటు నేల. అందులో యురేనియం, థోరియం, పొటాషియం-40 ఉన్నాయి. అసలు ఆ ఊళ్ళోనే టోనో యురేనియం నిక్షేపం ఉంది, 1962లో కనిపెట్టారు. జపాన్‌లో ప్రిఫెక్చర్ల వారీగా సహజ రేడియేషన్ పటం ఒకటి వేశారు, రేడాన్ కలపకుండా. అందులో అన్నిటికన్నా ఎక్కువ గిఫులోనే, ఏడాదికి 1.19 మిల్లీసీవర్ట్. అన్నిటికన్నా తక్కువ కనగావాలో, 0.81. అంటే ఫ్యూజన్ యంత్రం పెడతామన్నది దేశంలోకెల్లా సహజ రేడియేషన్ ఎక్కువున్న ప్రిఫెక్చర్‌లో. ఖాళీ డబ్బా బరువు చూసుకోకుండా నెయ్యి తూస్తే ఆ తూకాన్ని నువ్వు నమ్ముతావా?

భాస్కర్: నమ్మను. కానీ డబ్బా కొట్టువాడిదే, తక్కెడా వాడిదే, బరువు రాసుకునే పుస్తకమూ వాడిదే అయితే అప్పుడూ నమ్మను. టోకిలో కొలిచింది ఎవరు? యంత్రం కట్టిన సంస్థే కదా.

శారద: ఆ సంగతికి వస్తాను, తప్పించుకోను. ముందు ఆ తూకం ఎంత కష్టమో విను, లేకపోతే మనం దేని గురించి కొట్లాడుతున్నామో తెలియదు. ఒక వాన రాత్రి మీటరు గీసిన గీత తీసుకో. సాయంత్రం దాకా గీత సమంగా పోతుంటుంది. వాన పడ్డ కాసేపటికే లేవడం మొదలవుతుంది. గాలిలో ఎప్పుడూ రేడాన్ ఉంటుంది. అది విచ్ఛిన్నమైతే పుట్టే సీసం-214, బిస్మత్-214 సన్నటి ధూళికి అంటుకుని తేలుతుంటాయి. వాన వాటిని కడిగి నేల మీద పోస్తుంది. గామా డోసు గంటకు కొన్ని పదుల నానోసీవర్ట్‌లు పెరగవచ్చు. సీసం-214 అర్ధాయువు 27 నిమిషాలు, బిస్మత్-214ది దాదాపు 20. అందుకే వాన ఆగాక రెండు మూడు గంటల్లో గీత దిగిపోతుంది. ఒక్కోసారి మొదటికన్నా కొంచెం కిందికే దిగుతుంది, ఎందుకంటే తడిసిన మన్ను అడుగునుంచి వచ్చే గామాని కాస్త ఆపుతుంది. మంచు కప్పితే ఇంకా తగ్గుతుంది. గాలి కదలని రాత్రుల్లో తెల్లవారే ముందు రేడాన్ నేలను అంటిపెట్టుకుని పేరుకుంటుంది. చలికాలంలో ఆసియా ఖండం మీదనుంచి వీచే గాలి తనతో రేడాన్ మోసుకొస్తుంది. ఇదంతా ఒక్క ఏడాదైనా, అన్ని రుతువుల్లో, ఆ స్థలంలోనే చూడకపోతే రేపు యంత్రం నడిచిన రోజున గీత లేస్తే ఏమనాలి?

భాస్కర్: మీరే నాకు పనికొచ్చే మాట చెప్పారు. టోకిలో సంస్థ తనకు తాను పెట్టుకున్న హద్దు ఎంత? సరిహద్దు దగ్గర ఏడాదికి 50 మైక్రోసీవర్ట్‌లు. దాన్ని 8,760 గంటలకు పంచితే గంటకు ఆరు నానోసీవర్ట్‌లు కూడా లేదు. వాన ఒక్కటే పదుల్లో పెంచుతుందంటున్నారు. అంటే యంత్రం తన హద్దు మేరకు పూర్తిగా వదిలినా మీ గీతలో అది వానలో కలిసిపోతుంది. కనబడని దాన్ని కొలుస్తున్నామని చెప్పడం ఊరివాళ్ళను మోసం చేయడం కాదా?

(భాస్కర్ ఈ లెక్క కాగితం మీద వేసి మరీ చూపించాడు. సరైన లెక్కే. ఇలాంటి స్థలాల గురించి మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది ఈ లెక్క జోలికి వెళ్ళరు.)

శారద: నెలవారీ సగటు మాత్రమే చూస్తే నువ్వన్నది నిజం. టోకి వాళ్ళకు మొదటినుంచీ తెలిసిన చిక్కే అది. అందుకే వాళ్ళు ఆర్‌ఎమ్‌సేఫ్ అని ఒక ఏర్పాటు తయారు చేసుకున్నారు. ఎల్‌హెచ్‌డి అణు రియాక్టరులాగా రాత్రింబవళ్ళు మండేది కాదు. ప్రయోగం జరిగే రోజుల్లో సుమారు మూడు నిమిషాలకోసారి ప్లాస్మా వెలిగేది, కొన్ని సెకన్లలో ఆరిపోయేది. యంత్రం నుంచి ఎక్స్ కిరణాలో గామాయో న్యూట్రాన్లో సరిహద్దు దాకా వచ్చాయంటే ఆ సెకన్లలోనే రావాలి. వాన అలా రాదు, గంటలు పడుతుంది లేవడానికీ దిగడానికీ. అందుకని మీటరు లెక్కను యంత్రం గడియారంతో కలిపి చదివేవారు. ప్లాస్మా ఉన్న క్షణాల్లో ఎంత, లేని క్షణాల్లో ఎంత అని. అలా చూస్తే నెల సగటులో మునిగిపోయేంత చిన్నది కూడా బయటపడుతుంది. కానీ అలా విడదీయాలంటే వాన ఎలా ప్రవర్తిస్తుందో ముందే చేతిలో ఉండాలి. ఏళ్ళ తరబడి ఖాళీగా కొలవడం ఎందుకన్నావే, అది ఇందుకే.

భాస్కర్: సరే, గామా, న్యూట్రాన్ల సంగతి ఒప్పుకుంటున్నాను. మరి ట్రిటియం? రెండు డ్యుటీరియం కేంద్రకాలు కలిసినప్పుడు దాదాపు సగం సార్లు న్యూట్రాన్, మిగతా సగం సార్లు ట్రిటియం పుడుతుందని మీరే చెప్పారు. ట్రిటియం వదిలే బీటా కణం గాలిలో ఆరు మిల్లీమీటర్లు కూడా దాటదు. కంచె దగ్గర అంకెలు వెలిగే స్తంభం పెట్టి, చూడండి అంతా మామూలే అంటే, ఆ స్తంభానికి ట్రిటియం కళ్ళ ముందు నుంచి పోయినా తెలియదు. ఊరివాళ్ళు దేనికి భయపడుతున్నారో దాన్ని చూడలేని పరికరాన్ని వాళ్ళకు చూపించడం ఏం న్యాయం?

శారద: న్యాయం కాదు. స్తంభం చూపించి ట్రిటియం లేదని ఎవరైనా అంటే, అన్నవాళ్ళు తెలియక అంటున్నారు, లేదా తెలిసీ అబద్ధం చెబుతున్నారు. ట్రిటియం కోసం నీళ్ళ దగ్గరికి పోవాలి. వాన నీళ్ళు, వాగు నీళ్ళు, గాలిలోని తేమ. మా ల్యాబ్‌లో ఈ పని ఎలా ఉండేదో చెబుతాను. సీసా నీళ్ళు తెస్తాం. ముందు స్వేదనం చేస్తాం, మట్టీ లవణాలూ పోవడానికి. ట్రిటియం మరీ తక్కువుంటే ఆ నీటిలోకి విద్యుత్తు పంపి కొంచెం కొంచెంగా తగ్గిస్తాం. విద్యుత్తు పారితే తేలిక హైడ్రోజన్ ముందు వాయువై పోతుంది, ట్రిటియం ఎక్కువగా మిగిలిన నీటిలోనే నిలుస్తుంది. అలా చిక్కబడిన నీటిని చిన్న సీసాలో మెరుపు ద్రావకంతో కలిపి, వెలుతురు సోకకుండా చీకట్లో నిలవపెట్టి, తర్వాత యంత్రంలో పెట్టి గంటల తరబడి లెక్కిస్తాం. ఒక నమూనాకు రోజులు పడుతుంది. జపాన్‌లో ఇప్పటి వాన నీటిలో ట్రిటియం లీటరుకు ఒక బెక్వెరెల్ కన్నా తక్కువే. 1963లో అణు పరీక్షలు గాలిలో చేసిన రోజుల్లో ఉత్తరార్ధగోళం వానలో దీనికి వందల రెట్లు ఉండేది. ఆ తగ్గుదల గీత తెలియకుండా, ఈ ట్రిటియం విశ్వకిరణాలదా, పాత బాంబులదా, కొత్త యంత్రానిదా అని తేల్చడం ఎవరి తరమూ కాదు.

భాస్కర్: అంకెల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. టోకిలో మొదటి ఆరేళ్ళకు ఏడాదికి పుట్టే ట్రిటియం మీద పెట్టుకున్న గరిష్ఠ హద్దు 37 గిగాబెక్వెరెల్. అంటే 3,700 కోట్ల బెక్వెరెల్. అదే తూకంలో చెబితే మిల్లీగ్రాములో పదో వంతు. ఒప్పించాలనుకున్న రోజున మిల్లీగ్రాము అంటారు, భయపెట్టాలనుకున్నవాళ్ళు కోట్లు అంటారు. మా ఊళ్ళలో సభ జరిగితే వేదిక మీద ఎవరున్నారో చూసి ఏ అంకె వినబడుతుందో ముందే చెప్పగలను.

శారద: రెండూ ఒకేసారి చెప్పాలి. నేనైతే మూడోది కూడా చెబుతాను, అందులో ఎంత బయటికి వదలడానికి ఒప్పుకున్నారన్నది. టోకిలో ఏడాదికి 3.7 గిగాబెక్వెరెల్, పుట్టేదానిలో పదో వంతు. మిగతాది పట్టి నీటిగా మార్చి విడిగా ఉంచడానికి ఏర్పాటు చేశారు. ఊరివాళ్ళకు కావలసిన అంకె ఇదే, పుట్టింది కాదు.

భాస్కర్: మీ శాస్త్రం మీద కాదు వదినా నా గొడవ. మీరు సేకరించిన ఆ సహజ లెక్కను తర్వాత ఏం చేస్తారన్నదాని మీద. నేను చూసిన ప్రతి సభలో జరిగేది ఇదే. ఒక పెద్దమనిషి లేచి, మీ గ్రానైటు మీకు ఇంత ఇస్తోంది, విమానం ఎక్కితే ఇంత, ఎక్స్-రే తీయించుకుంటే ఇంత, మా యంత్రం ఇచ్చేది అందులో పిసరంత అంటాడు. గిఫుకీ కనగావాకీ తేడా 380 మైక్రోసీవర్ట్‌లు, మా హద్దు 50, ఇంకేమిటి మీ భయం అంటాడు. నా కాళ్ళ కింది రాయి నన్ను అడిగి పుట్టలేదు. దాన్ని నేనేమీ చేయలేను. కానీ యంత్రం మనుషులు పెట్టేది, పెట్టమనో వద్దనో చెప్పే హక్కు నాకుంది. ప్రకృతి ఇస్తోంది కాబట్టి మేమూ కొంచెం ఇస్తాం అనడం ఏం తర్కం? మీ ముందస్తు కొలత ఆ తర్కానికి పెట్టుబడి అవుతోంది. అందుకే నేను దాన్ని అనుమానిస్తాను.

(ఇక్కడ వదిన కాసేపు ఆలోచించింది. నన్నడిగితే మొత్తం వాదనకు ఇరుసు ఇదే. సహజ రేడియేషన్‌తో పోల్చి చూపడం మన దగ్గర ఎంత అలవాటైపోయిందంటే, ఆ పోలికతో ఏ ప్రశ్నకు జవాబు దొరుకుతోందో ఎవరూ అడగరు.)

శారద: ఆ పెద్దమనిషితో నాకూ తగువే. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఆ పోలిక నా రిపోర్టుల్లో రాయనిచ్చేదాన్ని కాదు. సహజ లెక్క అనుమతి పత్రం కాదు. గ్రానైటు 1.19 ఇస్తోంది కాబట్టి ఇంకో 0.05 సరే అని దాని అర్థం కాదు. దానికి ఉన్న పని ఒక్కటే, రేపు ఏదైనా మారితే మారిందని గుర్తుపట్టడం. నువ్వు పెట్టుబడి అంటున్నావు, నేను సాక్ష్యం అంటున్నాను. కోర్టుకెళ్ళే మనిషివి, నీకే తెలియాలి. పంట పాడైందని కేసు వేస్తే ముందు నేల ఎలా ఉండేదని అడగరూ?

భాస్కర్: అడుగుతారు. మన దగ్గర ఆ కాగితం ఉండదు, కంపెనీ దగ్గర ఉంటుంది. నేను చెప్పేదీ అదే.

శారద: అయితే కాగితం వద్దనకూడదు. రెండో ప్రతి కావాలని అడగాలి. 1986 ఏప్రిల్ 28న ఏం జరిగిందో గుర్తు చేసుకో. స్వీడన్‌లో ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్లకు రేడియోధార్మికత అంటుకుని అలారం మోగింది. ముందు తమ కేంద్రంలోనే ఏదో కారిందనుకున్నారు. కానీ లోపల కన్నా బయట ఎక్కువ ఉంది, వేరే చోట్ల మీటర్లు కూడా లేచాయి, దొరికిన ఐసోటోపులు రియాక్టరు ప్రమాదాన్ని చెబుతున్నాయి, గాలి ఆగ్నేయం నుంచి వచ్చింది. చెర్నోబిల్ అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైనే. మాస్కో నోరు విప్పింది ఆ సాయంత్రం. తమ నేల రోజూ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు కాబట్టి స్వీడన్ వాళ్ళు ఒక ప్రభుత్వం దాచిన సంగతిని గంటల్లో పట్టుకున్నారు.

భాస్కర్: మంచి ఉదాహరణే, కానీ ఒక మాట మరిచిపోతున్నారు. ఫోర్స్‌మార్క్ వాళ్ళు పట్టుకున్నది పరాయి దేశం తప్పు. దాచవలసిన అవసరం వాళ్ళకు లేదు. సొంత ఇంటి తప్పు వచ్చినప్పుడు ఏమైందో నేను చెబుతాను, అదీ జపాన్‌లోనే. 2011 మార్చిలో ఫుకుషిమా. రేడియోధార్మికత ఎటు వెళ్తుందో లెక్కగట్టే స్పీడీ అనే వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉంది, లెక్కలు వచ్చాయి, అవి జనానికి చేరలేదు. నమియె పట్టణం మనుషులు ప్రాణభయంతో వెళ్ళి తలదాచుకున్నది త్సుషిమా వైపు. ఆ మేఘం వెళ్ళింది కూడా అటే. పిల్లలు ఆరుబయట ఆడుకున్నారు. పరికరం ఉంది, లెక్క ఉంది, మధ్యలో ఒక కార్యాలయం ఉంది. మీ కొలతను చూస్తే నాకు ఆ కార్యాలయం గుర్తుకొస్తుంది.

శారద: దానికి నా దగ్గర సమర్థన లేదు. ఉండకూడదు కూడా. కానీ ఆ తర్వాత మామూలు మనుషులు ఏం చేశారు? సొంతంగా మీటర్లు కొన్నారు, తయారు చేశారు. సేఫ్‌కాస్ట్ అనే పేరుతో వీధి వీధి కొలిచి అంకెలు అందరికీ తెరిచి పెట్టారు. కొలత మీద నమ్మకం పోయినవాళ్ళు కొలవడం మానలేదు, కొలత తమ చేతిలోకి తీసుకున్నారు. టోకిలో డ్యుటీరియం ఒప్పందం మీద సంతకాలు పడింది 2013 మార్చిలో, ఫుకుషిమాకు రెండేళ్ళ తర్వాత. వద్దన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. గిఫు ప్రిఫెక్చర్, టోకి, తజిమి, మిజునామి నగరాలు సంస్థతో ఒప్పందం రాసుకున్నాయి. స్థానిక ప్రభుత్వాలు వేసిన భద్రతా పర్యవేక్షణ సంఘం ఉంది, అందులో నిపుణులతో పాటు స్థానికుల ప్రతినిధులు కూడా ఉన్నారు. సంస్థ కొలిచేది సంస్థ కొలుస్తుంది, సంఘం తన తరఫున చుట్టుపక్కల న్యూట్రాన్ డోసూ నీటిలో ట్రిటియమూ కొలిపిస్తుంది. నువ్వడిగిన రెండో తక్కెడ అదే.

భాస్కర్: సంఘాన్ని వేసింది ఎవరు, నమూనా ఏ రోజు తీస్తారో నిర్ణయించేది ఎవరు, పరీక్షించే ల్యాబ్‌కు డబ్బు ఎవరిస్తారు, ఇవి మూడూ చూడకుండా రెండో తక్కెడ అనలేను.

శారద: చూడాలి. దానికి ఒక పద్ధతి ఉంది, ఖర్చు కూడా పెద్దగా లేదు. ఒకే వాగులో, ఒకే నిమిషంలో తీసిన నీటిని ఊరివాళ్ళ ఎదుట రెండు సీసాల్లో పోసి, సీలు వేసి, ఒకటి సంస్థ ల్యాబ్‌కు, ఒకటి సంబంధం లేని ల్యాబ్‌కు పంపడం. రెండు ఫలితాలూ ఒకే కాగితం మీద అచ్చువేయడం. తేడా వస్తే తేడాతో సహా వేయాలి. ఇద్దరు నిజాయితీపరులు కొలిచినా ట్రిటియం అంకెలు కచ్చితంగా ఒక్కటి కావు. ఆ మాటా అక్కడే రాయాలి.

భాస్కర్: ఇక మన దగ్గరికి రండి. కొవ్వాడ. 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు అంటున్నారు.

శారద: కొవ్వాడనీ టోకినీ ఒకే గాటన కట్టకు. అది యురేనియం విచ్ఛిత్తి. లోపల నిలవుండే రేడియోధార్మికత టోకితో పోల్చడానికే లేదు. ప్రమాదం రూపమే వేరు. ఫ్యూజన్‌లో ఇంధనం ఆపితే ప్లాస్మా ఆరిపోతుంది.

భాస్కర్: యంత్రాలు వేరు, ఒప్పుకుంటాను. నేల ముందు ఎలా ఉందన్న ప్రశ్న ఒకటే కదా. మా తీరంలో అక్కడక్కడ నల్ల ఇసుక ఉంది. భీమిలిలో, కళింగపట్నం వైపు కూడా. అందులో మోనజైట్, మోనజైట్‌లో థోరియం. రేపు ఏదైనా పెరిగితే, ఇది మీ ఇసుకదేనయ్యా అని చేతులు దులుపుకుంటారు.

శారద: అందుకే ఇప్పుడే కొలవమంటాను! మోనజైట్‌ది అని ఊరికే అనేస్తే కుదరదు. థోరియం వంశంలో థాలియం-208 ఉంటుంది. అది వదిలే గామా 2,614 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్ దగ్గర వేలిముద్రలా నిలబడుతుంది. రేడాన్ వానదైతే బిస్మత్-214 ముద్ర 609 దగ్గర. సీజియం-137 ముద్ర 662, అది ఇసుకలో పుట్టేది కాదు, మనుషులు చేసినదే. పాత బాంబు పరీక్షల అవశేషం నేలలో కొద్దిగా ఉంటుంది, అదెంతో ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. మొత్తం డోసు ఒక్క అంకెగా ఇస్తే నిన్ను ఎవరైనా ఇసుక పేరు చెప్పి పంపేస్తారు. వర్ణపటం అడుగు. ఏ పొలంలో, ఏ లోతులో, ఏ ముద్ర ఎంత ఉందో అడుగు. హైదరాబాద్ గ్రానైటు మీద కట్టిన ఇంట్లోనూ భీమిలి ఒడ్డునా అంకె దగ్గర దగ్గరగా రావచ్చు, ముద్రలు మాత్రం ఒకేలా ఉండవు.

భాస్కర్: ఇంకో సంగతి మీ పుస్తకాల్లో ఉందో లేదో. స్థలం తీసుకోగానే మొదట వచ్చేది బుల్డోజరు. దిబ్బలు కోస్తారు, పల్లం పూడుస్తారు, లారీల్లో ఎక్కడినుంచో కంకర తెస్తారు. మీరు ముందు కొలిచిన నేల ఆ తర్వాత అక్కడ ఉండదు. లేని నేల లెక్కతో ఉన్న నేలను ఎలా పోలుస్తారు?

శారద: (ఈ ప్రశ్నకు వదిన ముఖం వెలిగింది, పనివాళ్ళు అడిగే ప్రశ్న అది.) మీటరు పక్కన కొత్తగా గ్రానైటు కంకర పరిస్తే చాలు, గీత ఎక్కి కూర్చుంటుంది, మళ్ళీ దిగదు. ఎవరూ చెప్పకపోతే కారణం తెలుసుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే ఒక లెక్క చాలదు, రెండు కావాలి. కట్టకముందు ఒకటి, కట్టాక, వెలిగించకముందు ఇంకొకటి. టోకికి కలిసొచ్చింది ఇదే. భవనం లేచి, రోడ్లు పడి, యంత్రం నడుస్తూ కూడా న్యూట్రాన్లు చెప్పుకోదగినంత లేని పంతొమ్మిదేళ్ళు వాళ్ళకు దొరికాయి. అలాంటి అవకాశం అన్నిచోట్లా రాదు. మన అణు కేంద్రాల దగ్గర కూడా నడపడానికి కొన్నేళ్ళ ముందే పర్యావరణ సర్వే ప్రయోగశాల పెట్టి కొలవడం పద్ధతి. నా జీవితం గడిచింది ఆ పనిలోనే.

భాస్కర్: ఆ లెక్కలు మీ ప్రయోగశాల దాటి ఏ పంచాయతీ ఆఫీసు గోడకెక్కాయి? ఏవి తెలుగులో వచ్చాయి? నాకు కావలసింది చెబుతాను. మీటరు చెప్పే అంకె నిమిషం నిమిషం, సవరించకుండా, కొవ్వాడ దగ్గరి రణస్థలం బస్టాండులో కనబడాలి. నెల సగటు కాదు, నిపుణుల నోట్‌తో మూడు నెలల తర్వాత వచ్చే రిపోర్టూ కాదు.

శారద: అక్కడే నేను నీతో రాను. వాన పడ్డ ప్రతి రాత్రీ అంకె లేస్తుంది. బడికెళ్ళే పిల్లల తల్లులు ఆ అంకె చూసి ఏమైపోతారు? నేను చూశాను భాస్కర్, పేపర్లో ఒక్క తప్పు అంకె పడితే చేపలు కొనేవాడు లేక మత్స్యకారులు పడ్డ పాట్లు. సరిచూడని అంకెను జనం మీద వదలడం పారదర్శకత కాదు, భారం వాళ్ళ మీదికి నెట్టడం.

భాస్కర్: వాన సంగతి మీకన్నా మా రైతులకు బాగా తెలుసు. వానకు అంకె లేస్తుంది, రెండు మూడు గంటల్లో దిగుతుంది అని ఒక్క కార్తెలో నేర్చుకుంటారు. దిగకపోతే అప్పుడు అడుగుతారు. అడగగలిగేది వాళ్ళే, ఎందుకంటే అక్కడ రోజూ ఉండేది వాళ్ళే. మీరు సరిచూసిన అంకె ఇస్తే, సరిచూడటంలో ఏం పోయిందో వాళ్ళకు ఎప్పటికీ తెలియదు.

(ఈ ఒక్క విషయంలో నేను భాస్కర్ వైపు. గోదావరి వరద రోజుల్లో భద్రాచలం దగ్గర నీటిమట్టం అంకెను గంట గంటకూ చూసి, మొదటి హెచ్చరికా రెండో హెచ్చరికా ఏమిటో అర్థం చేసుకునే జనం మన దగ్గర ఉన్నారు. రేడియేషన్ అంకె అనగానే వాళ్ళు ఏమీ అర్థం కానివాళ్ళు అయిపోతారని నేను నమ్మను. కానీ వదిన చెప్పిన చేపల మాట కూడా నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు.)

భాస్కర్: చివరగా ఒకటి. టోకిలో డ్యుటీరియం ప్రయోగాలు 2022లో ముగిశాయి కదా. అవి ఆగాయంటే మీటర్లు కూడా కట్టేస్తారా? ముందు కొలిచినంత శ్రద్ధ తర్వాత ఎవరు పెడతారు?

శారద: ఆపకూడదు. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్ళు. యంత్రం చుట్టూ రెండు మీటర్ల మందం కాంక్రీటు గోడ ఉంది. న్యూట్రాన్లు తాకిన ఉక్కులో కోబాల్ట్-60 పుడుతుంది, దాని అర్ధాయువు అయిదేళ్ళ పైచిలుకు. కాంక్రీటులో యూరోపియం-152, అది పదమూడేళ్ళు దాటి. ఇవి లోపలే కట్టుబడి ఉండేవే. కానీ యంత్రాన్ని విప్పే రోజు వస్తుంది, కోత పని జరుగుతుంది, దుమ్ము లేస్తుంది. ముందు కొలిచిన లెక్క నిజంగా అక్కరకొచ్చేది అప్పుడే. విప్పేశాక నేల మళ్ళీ మొదటిలా ఉందో లేదో దేనితో పోల్చి చెబుతారు?

భాస్కర్: అయితే నా వినతిపత్రంలో రాస్తాను. కట్టకముందు ఒక లెక్క, వెలిగించకముందు ఒక లెక్క, విప్పేశాక ఒక లెక్క. రెండు సీసాలు, రెండు ల్యాబులు. మీరూ సంతకం పెట్టండి, మీ మాటకు విలువుంటుంది.

శారద: వర్ణపటాలు ఇవ్వాలని కూడా రాయి. వానకు అంకె ఎందుకు లేస్తుందో తెలుగులో ఒక పేజీ రాయించి ఇంటింటికీ పంచాలని రాయి. అది లేకపోతే సంతకం పెట్టను.

భాస్కర్: రాస్తాను. దాని కిందే, నిమిషం నిమిషం అంకె బస్టాండులో పెట్టాలని కూడా రాస్తాను.

శారద: అదైతే నాకు ఇంకా సమ్మతం కాదు. ఆ షరతు పక్కన నా అభ్యంతరం కూడా అచ్చువేస్తానంటే కాగితం తీసుకురా.